మెడ కింద వదులైన చర్మానికి హైఫూ చేయించుకోవచ్చా? అమ్మాయి పెళ్లి దగ్గరపడింది, ప్యాకేజీ కట్టమని ఒకటే ఫోన్లు

పద్మ_గుంటూరు

అందరికీ నమస్కారం. ఇక్కడ విషయం తెలిసినవాళ్లు ఉన్నారని మా చెల్లెలు చెబితే రాస్తున్నాను. నాకు 47 ఏళ్లు. షుగర్ కోసం డాక్టరుగారు వారానికొకసారి వేసుకునే మౌంజారో ఇంజెక్షన్ రాశారు. దాంతోపాటు అన్నం తగ్గించి, పొద్దున్నే నడక పెట్టుకున్నాను. ఏడాది తిరిగేసరికి 16 కిలోలు తగ్గాను. షుగర్ అదుపులోకి వచ్చింది, మోకాళ్ల నొప్పి తగ్గింది, అంతా బాగానే ఉంది కానీ ముఖం మాత్రం పదేళ్లు పెద్దదాన్ని అయిపోయినట్టు ఉంది. బుగ్గలు పీక్కుపోయాయి, దవడ కింద, మెడ దగ్గర చర్మం వదులై వేలాడుతోంది. కనపడిన ప్రతివాళ్లూ "ఏం వదినా, ఒంట్లో బాగోలేదా" అని అడగడమే.

మాఘమాసంలో మా అమ్మాయి పెళ్లి. ఇంకా రెండు నెలలు కూడా లేదు. పట్టుచీరలు కొనడానికి హైదరాబాద్ వెళ్లినప్పుడు మా ఆడపడుచు ఒక స్కిన్ క్లినిక్‌కి తీసుకెళ్లింది. అక్కడ కౌన్సెలర్ అని ఒకమ్మాయి కూర్చోబెట్టి చాలాసేపు మాట్లాడింది. కోత లేదు, కుట్లు లేవు, మత్తు లేదు, మధ్యాహ్నం వచ్చి సాయంత్రానికి ఫంక్షన్‌కి వెళ్లిపోవచ్చు అంది. చర్మం లోపల వేడి పెట్టి బిగించే హైఫూ రెండు సిట్టింగులు, అదే పని సూదులతో చేసే ఆర్‌ఎఫ్ మూడు సిట్టింగులు, మొత్తం 60,000, ఈ వారంలోనే కడితే 38,000. "సర్జరీ కాదు కాబట్టి సైడ్ ఎఫెక్ట్స్ జీరో మేడమ్" అని కూడా అంది. గోడ మీద ఎఫ్‌డీఏ అప్రూవ్డ్ అని పెద్ద బోర్డు ఉంది. డాక్టరుగారిని చూడలేదు, ఆయన వేరే బ్రాంచిలో ఉన్నారట. 2,000 అడ్వాన్స్ ఫోన్‌పే చేసి వచ్చాను, ఇప్పుడు రోజూ ఫోన్లు చేస్తున్నారు.

ఇది నిజంగా ఏ ప్రమాదమూ లేనిదేనా? ఎవరైనా చేయించుకున్నారా? ఇంకో సంగతి, చెప్పాల్సినంత విషయమో కాదో తెలీదు. చిన్నప్పుడు చెవికి రెండో కుట్టు వేయిస్తే అక్కడ చర్మం ఉబ్బెత్తుగా పెరిగి గట్టిగా ఉండిపోయింది. బీపీ లేదు. థైరాయిడ్ మాత్ర వేసుకుంటాను.

సుజాత_కూకట్‌పల్లి

పద్మక్కా, డబ్బులు మొత్తం కట్టకండి, ముందు ఇది చదవండి.

నేను రెండేళ్ల క్రితం ఆ సూదుల ఆర్‌ఎఫ్ చేయించుకున్నాను, మొటిమల గుంటలకీ చర్మం బిగువుకీ రెండింటికీ పనికొస్తుందంటే. క్లినిక్ పేరు ఇక్కడ రాయను. మొదటి సిట్టింగ్ బాగానే అయింది, కాస్త ఎర్రబడి నాలుగు రోజుల్లో తగ్గిపోయింది. రెండోసారి చేసినమ్మాయి వేరు. మత్తు క్రీమ్ రాసి ప్లాస్టిక్ కవర్ చుట్టి కూర్చోబెట్టారు. ఆ తర్వాత ఆ పిల్ల ఒక చేత్తో ఫోన్ స్పీకర్‌లో పెట్టి మాట్లాడుతూనే నా బుగ్గ మీద మెషిన్ నొక్కుతూ పోయింది. ఒకే చోట రెండు మూడుసార్లు పడుతోందని నాకే తెలుస్తోంది, చెబితే "ఎక్కువ పాసులు వేస్తే రిజల్ట్ ఎక్కువ మేడమ్" అంది. ఇంటికొచ్చి అద్దంలో చూసుకుంటే రెండు బుగ్గల మీదా చిన్న చిన్న చదరాలు, ఒక్కో చదరంలో వరసగా చుక్కలు, గళ్ల నోట్‌బుక్ కాగితం అచ్చు వేసినట్టు. వారానికి పొక్కులు రాలిపోయాయి కానీ ఆ గళ్లు నల్లగా ఉండిపోయాయి. ఆఫీసులో అమ్మవారు పోసిందా అని అడిగారు.

క్లినిక్‌కి వెళితే ఏమన్నారో తెలుసా, "ఇది మామూలే, మా దగ్గర పీల్ చేస్తే పోతుంది, మీకు డిస్కౌంట్ ఇస్తాం" అన్నారు. కాలిన చర్మం మీద యాసిడ్ పూస్తారట! వేరే చర్మం డాక్టరు దగ్గరికి వెళితే ఆవిడ ముందు అవన్నీ ఆపమని, సన్‌స్క్రీన్ రోజంతా రాసుకోమని, ఒక క్రీమ్ ఇచ్చారు. నెలల తరబడి పట్టింది తగ్గడానికి. ఎడమ బుగ్గ మీద ఇప్పటికీ పక్క నుంచి వెలుతురు పడితే నాలుగైదు గుంటలు కనిపిస్తాయి.

మీకు పెళ్లి రెండు నెలల్లో ఉంది అంటున్నారు, ఇలాంటిది ఏమైనా అయితే ఫొటోలన్నిట్లో అదే.

చర్మవైద్యురాలు_విశాఖ

పద్మగారూ, నేను డెర్మటాలజిస్టుని, ఈ మెషిన్లు నేనూ వాడతాను కాబట్టి వీటి మీద నాకు పగ ఏమీ లేదు. కాకపోతే మీ పోస్టులో మూడు విషయాలు చదివాక ఊరుకోలేకపోయాను: పెళ్లికి రెండు నెలలు లేకపోవడం, 16 కిలోలు తగ్గడం, చెవి మీద ఆ ఉబ్బు.

ముందు అసలు ఇది ఎలా పనిచేస్తుందో చెబుతాను, అప్పుడు ప్రమాదం ఎక్కడుందో మీకే తెలుస్తుంది. భూతద్దంతో ఎండని ఒక చుక్కలోకి తెచ్చి కాగితం కాల్చడం చిన్నప్పుడు చేసే ఉంటారు. హైఫూలో అల్ట్రాసౌండ్ తరంగాలు అలాగే చర్మం లోపల ఒక చుక్క దగ్గర కలుస్తాయి. పైచర్మం కాలదు, లోపల ఆ చుక్క మాత్రం క్షణంలో 60 నుంచి 70 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. అక్కడి కొలాజెన్ ముడుచుకుంటుంది, తర్వాత నెలల్లో కొత్త కొలాజెన్ పుడుతుంది. ఎంత లోతులో ఆ చుక్క పడాలనేది మెషిన్ కొసకి బిగించే కార్ట్రిడ్జ్‌ని బట్టి: 1.5, 3, 4.5 మిల్లీమీటర్లు అని సాధారణంగా ఉంటాయి. 4.5 అంటే చర్మం, దాని కింద కొవ్వు దాటి కండరాల మీద ఉండే పొర వరకు. ఆర్‌ఎఫ్ అంటే రేడియో ఫ్రీక్వెన్సీ కరెంటుతో వేడి. దాంట్లో పై నుంచి ఇచ్చేది ఒకటి, సూదులు దింపి లోపల ఇచ్చేది ఇంకొకటి. మీ ప్యాకేజీలో ఉన్నది రెండోది.

ఈ మిల్లీమీటర్ల లెక్క మామూలుగా కొవ్వు ఉన్న ముఖానికి. మీ ముఖంలో కొవ్వు ఇప్పటికే తగ్గిపోయింది, బుగ్గలు పీక్కుపోయాయని మీరే రాశారు. అలాంటి చోట 4.5 కార్ట్రిడ్జ్ పెడితే ఆ వేడి పడాల్సిన పొరలో పడకుండా ఇంకా లోతుకి, ఎముక మీద పొర దాకా పోవచ్చు, లేదా మిగిలిన ఆ కాస్త కొవ్వునీ కరిగించవచ్చు. బిగువు కోసం వెళ్లి బుగ్గలో సొట్టలతో తిరిగివచ్చినవాళ్లని చూశాను. పోయిన కొవ్వు తనంతట తాను తిరిగి రాదు, ఫిల్లరో (సూదితో జెల్ నింపడం), మన కొవ్వే వేరేచోటి నుంచి తీసి పెట్టడమో చేయాలి. బాగా బరువు తగ్గిన వాళ్లకి ఈ మాట ఎవరూ చెప్పకపోవడం నాకు చాలా కోపం తెప్పిస్తుంది, ఎందుకంటే ఈ ఇంజెక్షన్లు వచ్చాక క్లినిక్‌ల తలుపు తట్టేది ఎక్కువగా వాళ్లే.

ఇక నరాలు. దవడ ఎముక అంచు మీదుగా కింది పెదవిని కదిపే నరం ఒకటి వెళుతుంది, కణత దగ్గర కనుబొమ్మని లేపే నరం ఇంకొకటి. ఆ చోట్ల లోతుగా, ఎక్కువ ఎనర్జీతో కొడితే నవ్వినప్పుడు పెదవి ఒకవైపే కిందికి దిగుతుంది, లేదా ఒక కనుబొమ్మ లేవదు. గడ్డం దగ్గరో నుదుటి మీదో తిమ్మిరి కూడా రావచ్చు. ఎక్కువమందికి వారాల్లో, కొన్ని నెలల్లో తగ్గిపోతుంది, నిజమే. కానీ మీ అమ్మాయి పెళ్లి పీటల మీద ఉన్న రోజున మీ నవ్వు వంకరగా ఉంటే "తాత్కాలికమే మేడమ్" అన్న మాట మీకేం ఓదార్పు?

రంగు విషయం. లేజర్ చర్మంలోని రంగుని వెతుక్కుంటూ పోతుంది కాబట్టి మనలాంటి చామనఛాయ, నల్లటి చర్మాలకి దాని భయం ఎక్కువ. హైఫూ, ఆర్‌ఎఫ్ రంగుని చూసి పనిచేయవు, ఆ విధంగా నయం. అయితే ఎలా కాలినా మన చర్మం కాలినచోట నల్లబడుతుంది. సుజాతగారికి జరిగింది అదే. ఆవిడకి పీల్ వద్దని చెప్పిన డాక్టరు సరిగ్గా చెప్పారు.

మీ చెవి మీద ఉన్నది కీలాయిడ్, అంటే గాయం మానాక దాని హద్దు దాటి గట్టిగా పెరిగే మచ్చ, అయి ఉండొచ్చు, చూడకుండా ఖాయంగా చెప్పలేను. కీలాయిడ్ వచ్చే తత్వం ఉన్నవాళ్లకి, ముఖ్యంగా దవడ అంచున, సూదులు గుచ్చి వేడి పెట్టడం నేనైతే చేయను. అది "చెప్పాల్సినంత విషయమా" అని అడిగారు కదా, నా దృష్టిలో మీ పోస్టు మొత్తంలో అన్నిటికన్నా ముందు చెప్పాల్సింది అదే. ఆ కౌన్సెలర్ అడగలేదంటే ఆ ఒక్కటి చాలు అక్కడికి వెళ్లకుండా ఉండడానికి. పేస్‌మేకర్ ఉందా, గర్భమా, మొటిమలకి ఐసోట్రెటినోయిన్ మాత్రలు వాడుతున్నారా, పెదవుల మీద పొక్కులు వస్తుంటాయా, రక్తం పలుచబడే మందులున్నాయా, ముఖంలో ఫిల్లర్ ఉందా, ఇవి కూడా అడగాల్సిన ప్రశ్నలే.

చివరగా ఫలితం. ఇవి సరిగ్గా చేసినా పని కనిపించడానికి రెండు మూడు నెలలు పడుతుంది, కనిపించేది కూడా కొద్దిగా. పెళ్లికి అందదు. 16 కిలోలు తగ్గాక మెడ కింద మిగిలిపోయిన చర్మాన్ని ఏ మెషినూ మాయం చేయలేదు. ఎక్కువ వదులుంటే దానికి ప్లాస్టిక్ సర్జన్ చేసే ఆపరేషనే దారి, లేదా అలా వదిలేయడం. బరువు ఇంకా తగ్గుతున్నారా, నిలకడగా ఉందా? కనీసం ఆరు నెలలు ఒకే బరువులో ఉన్నాక ఆలోచించాల్సిన సంగతి ఇది.

రిటైర్డ్_మాస్టారు_తెనాలి

అమ్మా పద్మా, వయసుతో వచ్చేవి వయసుతో వస్తాయి. షుగర్ తగ్గింది, నడుస్తున్నావు, ఆడపిల్ల పెళ్లి చేస్తున్నావు. పెళ్లికొచ్చినవాళ్లు పెళ్లికూతుర్ని చూస్తారు గానీ తల్లి మెడ చూడరు. ఆ 38,000 పెట్టి ఇంకో గొలుసు చేయించుకో, మెడా నిండుతుంది, బంగారమూ మిగులుతుంది.

సుజాత_కూకట్‌పల్లి

మాస్టారూ, ఇప్పుడు బంగారం రేటుకి 38,000కి గొలుసు కాదు, కొక్కెం వస్తుంది. పెళ్లికి ముందు మీరు జుట్టుకి రంగు వేయించుకోరేమిటి? పద్మక్క అడిగింది ప్రమాదమా కాదా అని. కావాలనిపించడం తప్పేమీ కాదు.

మెషిన్_మధు

నేను డాక్టర్ని కాదు. ఇలాంటి మెషిన్లు అమ్మే డీలర్ దగ్గర కొన్నేళ్లు పనిచేశాను, క్లినిక్‌లకి వెళ్లి ఇన్‌స్టాల్ చేసి స్టాఫ్‌కి ట్రైనింగ్ ఇచ్చేవాడిని. ట్రైనింగ్ అంటే ఏదో అనుకునేరు, ఒక మధ్యాహ్నం. చేతి మీద నాలుగు షాట్లు వేసి చూపించి, స్క్రీన్ మీద బటన్లు చెప్పి, టీ తాగి వచ్చేయడం. మరుసటి రోజు నుంచి వాళ్లు ముఖాల మీద మొదలుపెట్టేవారు. కొన్నిచోట్ల అది చర్మం క్లినిక్ కూడా కాదు, బ్యూటీ పార్లర్‌లో వెనకగది.

మేడమ్ లోతు గురించి రాశారు కదా, దాంట్లో నేను చూసిన ముక్క ఒకటి కలుపుతాను. అల్థెరపీ లాంటి ఒరిజినల్ మెషిన్‌లో స్కానింగ్‌లో లాగా చర్మం లోపలి పొరలు స్క్రీన్ మీద కనిపిస్తాయి, ఎక్కడ కొడుతున్నామో చూసి కొట్టొచ్చు. హైఫూ పేరుతో తక్కువ ధరకి తిరిగే చాలా మెషిన్లలో ఆ స్క్రీన్ మీద ఉండేవి అంకెలు, ఒక బొమ్మ ముఖం, అంతే. లోపల ఏముందో చూడకుండానే కొడతారు. రెండింటినీ హైఫూ అనే పిలుస్తారు, బోర్డు మీద తేడా తెలీదు.

కార్ట్రిడ్జ్‌కి ఇన్ని షాట్లు అని లెక్క ఉంటుంది, అయిపోతే కొత్తది కొనాలి. అది ఖరీదైన వ్యవహారం. అందుకని లెక్క సున్నాకి మార్చి పాతదే వాడడం నా కళ్లతో చూశాను. అరిగిపోయిన కార్ట్రిడ్జ్ నుంచి వచ్చే వేడి ఒక షాట్‌కి తక్కువ, ఒక షాట్‌కి ఎక్కువ, నమ్మకం లేదు. సూదుల ఆర్‌ఎఫ్‌లో సూదుల టిప్ ఒక మనిషికి ఒకసారికే, సీలు మీ కళ్లముందు చింపాలి. "స్టెరిలైజ్ చేశాం మేడమ్" అంటే లేచి వచ్చేయండి, ఆ సూదుల మీద రక్తం ఉంటుంది.

ఇంకొకటి జెల్. హైఫూకి జెల్ దండిగా రాసి, హెడ్ చర్మానికి పూర్తిగా ఆనించి పెట్టాలి. దవడ అంచు మీద చర్మం వంపు తిరుగుతుంది, అక్కడ హెడ్ ఒకవైపు లేచిపోతుంది, మధ్యలో గాలి చేరితే వేడి పైచర్మంలోనే ఆగి సన్నటి ఎర్రటి గీత పడుతుంది. కాలిన గీతలు నేను ఎక్కువగా చూసింది దవడ దగ్గరే. కొట్టేటప్పుడు పళ్లలోకి జివ్వుమని లాగినట్టు, పెదవి వైపు కరెంటు పాకినట్టు అనిపిస్తే వెంటనే ఆపమనండి. అది "అలాగే ఉంటుంది" అని తోసేయాల్సిన నొప్పి కాదు. ఆ నొప్పి తెలియకూడదని మత్తు క్రీమ్ మందంగా రాసి గంట కూర్చోబెట్టే చోట్లు ఉన్నాయి, చేసేవాడికి హెచ్చరిక ఇచ్చేదే మీ నొప్పి, దాన్నే నొక్కేస్తే ఇంకేం ఉంది.

న్యూజెర్సీ_నాని

అక్కా, ఎఫ్‌డీఏ బోర్డు గురించి నేను చెబుతా. ఎఫ్‌డీఏ అంటే అమెరికాలో మందులు, వైద్య పరికరాలకి అనుమతి ఇచ్చే ప్రభుత్వ సంస్థ. ఇక్కడ మెడ్‌స్పాల్లో కూడా అదే మంత్రం. ఎఫ్‌డీఏ అనుమతి ఒక ఫలానా కంపెనీ మెషిన్‌కి, ఒక ఫలానా పనికి ఇస్తుంది, "హైఫూ" అనే పేరుకి కాదు. థర్మేజ్ అనే ఆర్‌ఎఫ్ మెషిన్‌కి 2002లో కళ్ల చుట్టూ ముడతల కోసం ఇచ్చారు. మధు చెప్పిన అల్థెరపీ మెషిన్ కంపెనీ అల్థెరాకి 2009లో కనుబొమ్మ లేపడానికి ఇచ్చి, గడ్డం కింద, మెడకి 2012లో విడిగా ఇచ్చారు. దాన్ని చూసి ఎవరో ఎక్కడో తయారుచేసిన మెషిన్‌కి ఆ అనుమతి అంటదు. అసలు అమెరికా ఎఫ్‌డీఏకీ హైదరాబాద్ క్లినిక్‌కీ సంబంధమే లేదు, మన దేశంలో వైద్య పరికరాలు చూసేది సీడీఎస్‌సీవో.

ఇంకో విచిత్రం. అదే ఎఫ్‌డీఏ 2025 అక్టోబర్‌లో సూదుల ఆర్‌ఎఫ్ గురించి హెచ్చరిక ఇచ్చింది. కాలిన గాయాలు, మచ్చలు, కొవ్వు కరిగిపోవడం, ముఖం వికారమవడం, నరాలు దెబ్బతినడం, మళ్లీ ఆపరేషన్ చేసి సరిచేయాల్సి రావడం, ఇవన్నీ వాళ్లకి వచ్చిన ఫిర్యాదుల్లో ఉన్నాయి. అంటే ఆ బోర్డు పెట్టినవాళ్లు ఆ ఎఫ్‌డీఏ హెచ్చరికని కూడా పక్కనే అతికించాలి న్యాయంగా.

జపాన్‌లో హైఫూ పార్లర్లలో విచ్చలవిడిగా చేసేవారు. కాలడాలు, నరాల దెబ్బలు, కంటి దగ్గర చేసినప్పుడు కంట్లో శుక్లాలు రావడాలు జరిగాక 2024లో అక్కడి ఆరోగ్యశాఖ హైఫూ డాక్టర్లు చేయాల్సిన పని, డాక్టర్ కానివాళ్లు చేస్తే చట్టవిరుద్ధం అని తేల్చి చెప్పింది. కాబట్టి కను రెప్పల దగ్గరికి ఎవర్నీ రానివ్వకండి.

కోత లేదు కాబట్టి ఏమీ కాదు అనేవాళ్లకి లిండా ఇవాంజలిస్టా సంగతి చెప్పాలి. ఒకప్పటి సూపర్ మోడల్. కొవ్వుని గడ్డకట్టించి తగ్గించే కూల్‌స్కల్‌ప్టింగ్ చేయించుకుంటే తగ్గాల్సిన చోట గట్టిగా పెరిగిందని 2021లో బయటికొచ్చి చెప్పింది. అది బిగువుది కాదు, కొవ్వుది, టెక్నిక్ వేరు. డబ్బుకి లోటు లేని మనిషికే అలా అయింది.

పద్మ_గుంటూరు

అందరికీ చాలా థాంక్స్. డాక్టరుగారూ, మీరు రాసింది మా ఆడపడుచుకి కూడా చదివి వినిపించాను, మొదట "అన్నీ భయపెట్టడమే" అంది గానీ చెవి సంగతి వచ్చేసరికి నిశ్శబ్దం. బరువు ఇంకా నెలకి కిలో చొప్పున తగ్గుతూనే ఉంది, నిలకడకి రాలేదు.

ఇవాళ మళ్లీ క్లినిక్ నుంచి ఫోన్. చేసే డాక్టరు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, మెషిన్ కంపెనీ పేరు వాట్సాప్ చేయమన్నాను. "సార్ చాలా సీనియర్ మేడమ్, కాస్మెటాలజీలో ఫెలోషిప్ చేశారు" అని చెప్పింది గానీ నంబరు పంపలేదు. మెషిన్ కొరియాది అంది. ఆఫర్ రేపటితో అయిపోతుందని కూడా చెప్పింది, పోయిన వారం కూడా అదే చెప్పింది.

చర్మవైద్యురాలు_విశాఖ

కాస్మెటాలజీ ఫెలోషిప్ అనేది ఎంబీబీఎస్ తర్వాత అయినా, ఒక్కోసారి వేరే చదువు తర్వాత అయినా, కొన్ని వారాల్లో ఇచ్చే సర్టిఫికెట్ కావచ్చు. మీరు చూడాల్సింది చర్మవైద్యం డిగ్రీలైన ఎండీ డీవీఎల్, డీడీవీఎల్, డీఎన్‌బీ డెర్మటాలజీ, లేదా ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ ఉందా అని. పేరు గానీ నంబరు గానీ దొరికితే తెలంగాణ మెడికల్ కౌన్సిల్, ఏపీ మెడికల్ కౌన్సిల్, నేషనల్ మెడికల్ కమిషన్ రిజిస్టర్లలో వెతకొచ్చు. డిగ్రీ ఉంటే చాలదు, మెషిన్ పట్టుకునేది ఆ డాక్టరేనా, ఆ గదిలో ఉంటారా అని కూడా అడగండి. గోడ మీద సర్టిఫికెట్ ఒకరిది, చేతిలో మెషిన్ ఇంకొకరిది, సుజాతగారికి అయింది అదే కదా.

ఇప్పటికే చేయించుకుని ఇది చదువుతున్నవాళ్ల కోసం రెండు మాటలు. రెండు రోజుల వాపు, నొక్కితే నొప్పి, ఎర్రదనం మామూలే. పొక్కులొస్తే వెంటనే కుళాయి నీళ్లు ఇరవై నిమిషాలు, ఐసు నేరుగా పెట్టొద్దు, పొక్కు చిదపొద్దు, టూత్‌పేస్ట్, పసుపు, ఇంకే చిట్కా వద్దు, అదే రోజు చర్మం డాక్టరుకి చూపించండి. పెదవి వంకర, కనుబొమ్మ లేవకపోవడం, తిమ్మిరి ఉంటే ఫొటో తీసి పెట్టుకుని చూపించండి. చూపు మసకబారినా, కంట్లో నొప్పి వచ్చినా క్లినిక్‌కి ఫోన్ చేసి కూర్చోకుండా తిన్నగా కంటి ఆసుపత్రికి వెళ్లండి. ఆ తర్వాత జ్వరం, చీము వస్తే ఆలస్యం చేయొద్దు.

మీ వరకు చెప్పాలంటే, పెళ్లికి ముందు కొత్తది ఏదీ ముఖం మీద వద్దు. గుంటూరులో చర్మం డాక్టరుకి ఆ చెవి చూపించండి. సన్‌స్క్రీన్, చర్మం పొడిబారకుండా మాయిశ్చరైజర్, తిండిలో పప్పు, గుడ్లు తగ్గకుండా చూసుకోండి, ఈ ఇంజెక్షన్ మీద ఉన్నవాళ్లు ఆకలి లేక ప్రొటీన్ మానేస్తారు. అవి చర్మాన్ని బిగించవు, కానీ మనిషి నీరసంగా కనిపించరు. పెళ్లిరోజు మేకప్ అమ్మాయికి దవడ కింద షేడింగ్ వేయమని చెప్పండి. మాస్టారి గొలుసు కన్నా చవక.

బెజవాడ_లాయర్

పద్మగారూ, నేను వినియోగదారుల కేసులు చూస్తాను కాబట్టి కాగితాల సంగతి చెబుతాను, ఎందుకంటే ఏదైనా జరిగాక నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది చేతిలో ఒక్క కాగితం ఉండదు. ఉండేది ఇన్‌స్టాగ్రామ్ ప్రకటన స్క్రీన్‌షాట్, ఫోన్‌పే మెసేజ్, అంతే.

ఎక్కడ చేయించుకున్నా, డబ్బు కట్టింది వ్యక్తి నంబరుకా, క్లినిక్ ఖాతాకా చూడండి. జీఎస్టీ నంబరుతో బిల్లు అడగండి. బిల్లులో చికిత్స పేరు, మెషిన్ పేరు రాయించండి, "ప్యాకేజీ" అని ఒక్క మాట రాస్తే ఏమీ తేలదు. ఒప్పంద పత్రం ఇంగ్లిష్‌లో నాలుగు పేజీలు ఇచ్చి కుర్చీలో పడుకోబెట్టాక సంతకం పెట్టమంటారు, ముందురోజే తీసుకుని తెలిసినవాళ్లతో చదివించుకోండి, ఖాళీలు వదిలిన దాని మీద సంతకం పెట్టొద్దు. అలాగని సంతకం పెట్టినంత మాత్రాన వాళ్ల నిర్లక్ష్యానికి మాఫీ దొరకదు. చికిత్సకి ముందు ఫొటోలు మీ ఫోన్‌లోనూ ఉండాలి, వాళ్ల దగ్గర ఉన్నవి అవసరానికి దొరకవు.

డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. 2019 చట్టం ప్రకారం క్లినిక్ హైదరాబాద్‌లో ఉన్నా మీరు గుంటూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయొచ్చు, జరిగిన రెండేళ్లలోపు వేయాలి. చేసినవాళ్లు డాక్టరైతే మెడికల్ కౌన్సిల్‌కి కూడా ఫిర్యాదు ఇవ్వొచ్చు, డాక్టరే కాకపోతే పోలీసులకి. హెల్త్ ఇన్సూరెన్స్ మీద మాత్రం ఆశ పెట్టుకోవద్దు, అందం కోసం చేసే చికిత్సలు పాలసీల్లో మినహాయింపు కిందే ఉంటాయి.

పద్మ_గుంటూరు

రేపు ఇక్కడే చర్మం డాక్టరుగారి అపాయింట్‌మెంట్ తీసుకున్నాను, చెవి చూపించడానికి. హైఫూ సంగతి పెళ్లయ్యాక, బరువు ఒకచోట ఆగాక చూస్తాను, అప్పటికి కావాలో వద్దో. లాయర్‌గారూ, ఆ 2,000 అడ్వాన్స్ తిరిగి అడగొచ్చా? నాన్ రిఫండబుల్ అని తర్వాత మెసేజ్ పంపారు, కట్టేటప్పుడు చెప్పలేదు.

బెజవాడ_లాయర్

అడగండి. ఫోన్‌లో కాదు, వాట్సాప్‌లోనూ ఈమెయిల్‌లోనూ రాసి పంపండి: ఫలానా తేదీన ఇంత కట్టాను, చికిత్స ఏదీ తీసుకోలేదు, డాక్టరు వివరాలు అడిగినా ఇవ్వలేదు, ఇన్ని రోజుల్లో తిరిగి పంపండి అని. రాకపోతే 1915కి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, ఫిర్యాదు నమోదు చేయించండి. చిన్న మొత్తాలు చాలావరకు అక్కడే తేలిపోతాయి. వాళ్ల పాత మెసేజ్‌లు మాత్రం డిలీట్ చేయకండి, నంబరు బ్లాక్ చేసే ముందు స్క్రీన్‌షాట్లు తీసుకోండి.